కార్శి పంట

బోధను ప్రాంతపు చెరకు రైతు దృష్టిలో నరికిన తోట నశించిన తోట కాదు. గడలు గానుగకు పోయిన పిమ్మట మిగిలిన మోళ్లను నేలమట్టముగా చెక్కి, ఎరువు వేసి, నీరు పెట్టినచో ఆ వేళ్లనుండియే మరల పిలకలు లేచును. దీనినే కార్శి తోట యందురు. ముచ్చెలు కొని నాటు ఖర్చు దీనికి లేదు; మొక్కతోటకంటె ముందుగానే పక్వమునకు వచ్చును. కాని దీనికి శ్రద్ధ ఎక్కువ కావలెను. మోళ్లను చెక్కక విడిచినను, ఎరువు ఆలస్యమైనను తోట పలుచబడిపోవును.

క్రీడాకారుల జీవితములలోను ఇట్టి రెండవ పంట యొకటి కలదు. నిజామాబాదు పట్టణమున 1996లో జన్మించిన ముష్టియుద్ధ వీరురాలు నిఖత్ జరీన్ చరిత్ర దానికి చక్కని నిదర్శనము.

బాల్యమున ఆమె అభ్యసించినది పరుగుపందెములు. తరువాత బాక్సింగునకు మరలి, విశాఖపట్టణములో ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందినది. పదునైదేండ్లు నిండకముందే, 2011లో, టర్కీలోని అంతాల్యాలో బాలికల ప్రపంచ విజేత యైనది. ఇంత చిన్నతనమున ఇంత గెలుపు లభించుట భాగ్యమే గాని, పరీక్ష కూడ. ఆ పిమ్మట పెద్దల తరగతిలో ప్రపంచ విజేత యనిపించుకొనుటకు ఆమెకు పదునొకండేండ్లు పట్టినది. ఆ నడుమ 2017లో భుజమునకు గాయమై శస్త్రచికిత్స జరిగినది. ముష్టియుద్ధమున భుజము చెడుట యనగా గాయకునకు గొంతు పోవుట వంటిది. ఏడాదికాలము ఆమె బరికి దూరముగా నుండవలసి వచ్చినది.

2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఎంపిక పోటీని పాఠకులు మరచియుండరు. అటు మణిపురమునకు చెందిన మేరీ కోమ్. తల్లియైన పిదప మరల బరిలో దిగి, 2018లో, ముప్పదియైదేండ్లు దాటిన వయస్సున, ఆరవసారి ప్రపంచ విజేతయైన ధీర. ఇటు తనకును ఒక అవకాశ మీయవలెనని బహిరంగముగా అడిగిన ఇరువది మూడేండ్ల నిఖత్. ఫలితము 9–1, గెలుపు అనుభవమునకే దక్కినది. అవకాశమును అడిగి సాధించుకొని, ఆ అవకాశమునందే ఓడిపోవుట తేలికగా భరింపదగినది కాదు.

అయినను 2022 మే నెలలో ఇస్తాంబూలులో, 52 కిలోల తరగతిలో, థాయిలాండు యువతి జిత్‌పాంగ్ జుతామస్‌ను 5–0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేత యైనది. అదే యేట బర్మింగుహాములో కామన్‌వెల్తు క్రీడల స్వర్ణము, 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ విజయము లభించినవి.

అంతటితో కథ ముగియలేదు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆమె 50 కిలోల తరగతిలో, క్రమస్థానము లేకయే, దిగినది. రెండవ పోరులోనే చైనా దేశీయురాలు వూ యూ ఎదురైనది. నిఖత్ 0–5తో ఓడినది. వూ యూ తుదకు స్వర్ణము గెలిచినది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో టర్కీకి చెందిన చాకిరోగ్లు చేతిలో మరల 0–5. ఇక ఈమె పని యైపోయినదని లోక మనుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను? మూడు నెలలు గడువకముందే, నవంబరులో, గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు తుదిపోటీలో 51 కిలోల స్వర్ణము ఆమెదే యైనది. అప్పటి కామె వయస్సు 29 ఏండ్లు. బాలికల ప్రపంచ విజయము నాటికి పదునాలుగేండ్లు గతించినవి. ఒకనాడు అనుభవజ్ఞురాలిని ఎదిరించిన పిల్ల, నేడు తానే అనుభవజ్ఞురాలై పిన్నవారికి ఎదురు నిలిచినది.

ఇందు పట్టుదల యొక్కటియే కారణమని చెప్పినచో సగము సత్యమే యగును. కార్శి తోట ఎంత ఏపుగా పెరిగినను గడలను గైకొను కర్మాగారము లేనిదే రైతున కేమి ఫలము? 1937లో బోధనులో వెలసిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతబడినప్పుడు ఈ సంగతి ఆ ప్రాంతమువా రెరిగినదే. గాయపడిన భుజమునకు వైద్యుడు, ఓడినవారికి గురువు, సాధనకు మైదానము, కుటుంబపు అండ, జీవనోపాధి — ఇవి యున్నప్పుడే రెండవ పంట చేతికి వచ్చును. ఇవి లేక మోళ్లుగానే మిగిలిపోయిన బాలబాలికలు మన ఊళ్లలో ఎందరో!

కార్శికిని హద్దు కలదు. కోతకోతకు దిగుబడి తగ్గును. ఒకనాడు రైతు మోళ్లను పెకలించి క్రొత్త ముచ్చెలు నాటవలసినదే. ముష్టియుద్ధమునను నలుబది యేండ్లకు బరి తలుపు మూసికొనును. ఆ దినము వచ్చుటకు ముందే ఇక చాలునని ప్రకటించుటకు మనము తొందరపడరాదు. ఈ మాట క్రీడలకే పరిమితము కాదు. మార్చి నెలలో పరీక్ష తప్పి, జూనులో తిరిగి బడి గడప త్రొక్కు విద్యార్థిని చూచునప్పుడు ఉపాధ్యాయుడు ముందుగా చూడవలసినది వేరు బ్రతికియున్నదా యని. పిదప, నీరు పెట్టుట కెవరున్నారని.