అణు వైద్య స్కానులో రోగి కదలిక

అణు వైద్య స్కాను తీస్తున్న సమయంలో రోగి శరీరం గాని, చిత్రించవలసిన అవయవం గాని స్థానం మారడాన్ని '''రోగి కదలిక''' అంటారు. ఎక్స్-రే చిత్రానికి సెకనులో కొంత భాగం చాలు. అణు వైద్యంలో రోగికి ఇచ్చిన రేడియోధార్మిక ఔషధం నుండి వెలువడే గామా కిరణాలను లెక్కించి చిత్రం తయారు చేస్తారు. ఇందుకు చాలా నిమిషాలు పడుతుంది కనుక కదలిక సమస్య ఇక్కడ ఎక్కువ.

== గుండె స్కానుపై ప్రభావం ==
గుండె కండరానికి రక్తప్రసరణను పరీక్షించే స్పెక్ట్ స్కానులో గామా కెమెరా సాధారణంగా ఛాతీ చుట్టూ 180 డిగ్రీలు తిరుగుతూ అనేక చిత్రాలు తీస్తుంది. అన్నిటిలోనూ గుండె ఒకే చోట ఉందని భావించి కంప్యూటరు వాటిని త్రిమితీయ చిత్రంగా కూర్చుతుంది. మధ్యలో రోగి జరిగితే గుండె గోడలు సరిగా కలవవు. అప్పుడు ఆరోగ్యవంతమైన కండరంలో కూడా రక్తప్రసరణ లోపం ఉన్నట్లు కనిపించవచ్చు. దానివలన అనవసరంగా యాంజియోగ్రామ్ చేయవలసి రావచ్చు. ఒక పిక్సెల్ కంటే తక్కువ కదలిక సాధారణంగా హాని చేయదు. రెండు పిక్సెళ్ళు, అంతకు మించితే ప్రమాదం పెరుగుతుంది.

రోగి నిశ్చలంగా ఉన్నా గుండె కదలవచ్చు. వ్యాయామం తరువాత దీర్ఘశ్వాస క్రమంగా తగ్గుతుంటే ఉదరవితానంతో పాటు గుండె కూడా పైకి జరుగుతుంది.

== నివారణ ==
* పరీక్ష ఎంతసేపు పడుతుందో, ఎందుకు కదలకూడదో రోగికి ముందే వివరించాలి.
* మూత్రవిసర్జన చేసి రమ్మనాలి.
* మోకాళ్ళ క్రింద దిండు, పైకెత్తిన చేతులకు ఆధారం అమర్చాలి.
* వ్యాయామం తరువాత శ్వాస కుదుటపడేవరకు ఆగాలి.
* పసిపిల్లలకు పాలు పట్టి, గుడ్డలో చుట్టి పడుకోబెడతారు. అవసరమైతేనే మత్తుమందు ఇస్తారు.

== గుర్తించడం, సరిదిద్దడం ==
చిత్రాలను వరుసగా చలనచిత్రం వలె చూస్తే గుండె ఎగిరిపడినట్లు కనిపించడం కదలికకు గుర్తు. సైనోగ్రామ్‌లో నునుపైన వక్రరేఖ తెగినట్లుంటే రోగి పక్కకు జరిగాడని అర్థం. పైకి, క్రిందికి జరిగిన కదలికను సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిచేయగలదు. శరీరం ఒత్తిగిలితే సరిచేయడం కష్టం.

అటువంటప్పుడు స్కాను తిరిగి తీయడమే మేలు. టెక్నీషియం-99ఎం అర్ధాయువు సుమారు 6 గంటలు. దానితో తయారైన సెస్టామిబి గుండె కండరంలో గంటల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి మరో ఇంజెక్షన్ అక్కరలేదు. గామా కెమెరా స్వయంగా కిరణాలను వెలువరించదు, కాబట్టి సి.టి. మళ్ళీ తీయనంతవరకు రోగికి అదనపు రేడియేషన్ ఉండదు. థాలియం-201 మాత్రం కాలక్రమేణా కండరంలో పునఃపంపిణీ అవుతుంది కనుక ఆలస్యమైతే ఫలితం మారిపోతుంది. అందువలన రోగి బల్ల దిగకముందే చిత్రాలను పరిశీలించాలి.