గాలితిత్తియు, దారమును

సంక్రాంతి దినములలో హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ ప్రాంతముల మేడలపై బాలురు గాలిపటము లెగురవేయుదురు. ఒకడు పటము నాడించుచుండగా మఱియొకడు దారపు చరఖాను పట్టుకొని నిలుచును. పటము లాగినపుడు 'ఢీల్' ఇచ్చి దారమును వదలుటయు, పటము దిగివచ్చునపుడు దానిని చుట్టుటయు వాని పని. వాడు ఏమఱినచో దారము మిద్దెపై కుప్పగా పడి, చిక్కులై, కాళ్లకు చుట్టుకొనును.

సముద్రములో మునిగి సంచరించు స్కూబా ఈతగాని చేతను ఇట్టి చరఖాయే యొకటి యుండును. దానిని రీలు అందురు. హైదరాబాదు చెంత సముద్రము లేదు గాని, విశాఖపట్టణమునకు సమీపమున ఋషికొండ తీరమున ఈ విద్య నేర్పువారు కలరు. చరఖా పట్టినవాడు ఏమఱిన పటము పోవును. రీలు పట్టినవాడు ఏమఱిన ప్రాణమే పోవచ్చును.

ఈతగాడు వీపున గాలిసీసా ధరించి నీట మునుగును. పడవలోనివారికి అతడు కనబడడు. అతడు పైకి వచ్చు తావు తెలియనిచో మరపడవ అతనిపైకే రావచ్చును. లేదా ప్రవాహము అతనిని దూరముగ గొనిపోవచ్చును. అందువలన అతడు పైకి వచ్చుటకు ముందు, ఎఱుపు లేక నారింజ వన్నె గల పొడవైన గాలితిత్తి నొకదానిని నీటిపైకి పంపును. తిత్తి అడుగున కట్టిన దారము అతని చేతిలోని రీలుకు చుట్టబడి యుండును. ఆ దారము అతడున్న లోతుకంటె పొడవుగా నుండవలెను.

తిత్తిని పంపుటకు ముందు అతడు తలయెత్తి, పైన పడవ గాని తోటి ఈతగాడు గాని లేకుండుటను చూచుకొనును. పిదప తిత్తిలోనికి కొంచెము గాలి నింపును. కొంచెమే చాలును. ఏలయన, లోతునకు పోయిన కొలది ఒత్తిడి హెచ్చును. 10 మీటర్ల లోతున ఒత్తిడి, నీటిపై నున్న దానికి రెండింతలు. కావున అచ్చట 1 లీటరుగా నున్న గాలి పైకి చేరుసరికి 2 లీటర్లగును. గాలి వ్యాకోచించిన కొలది తిత్తి ఉబ్బి, మఱింత బలముగ పైకి లాగును.

అపాయమంతయు ఇచ్చటనే యున్నది. తిత్తి దూసుకొనిపోవునపుడు రీలు గిరగిర తిరుగవలెను. దారము చిక్కుపడి బిగిసినచో తిత్తి ఈతగానిని కూడ పైకి లాగుకొనిపోవును. ఆ వేగమున ఊపిరి బిగబట్టినచో లోని గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చీలవచ్చును. రక్తమున కరగిన నత్రజని బుడగలై కీళ్లను, నరములను బాధింపవచ్చును. కావున తిత్తిని పంపునపుడు రీలును ఒంటికి తగిలించుకొనరాదు. దారమును వ్రేళ్లకు చుట్టుకొనరాదు. రీలు బిగిసినచో తత్‌క్షణమే విడిచిపెట్టవలెను. వెలగల వస్తువని దానిని పట్టుకొని యుండుట అవివేకము.

తిత్తి పైకి చేరిన పిదప దారము బిగువుగా నుండవలెను. బిగువుగా నున్న దారమే తిత్తిని నీటిపై నిలువుగా నిలుపును. అపుడే పడవవారికి అది దూరము నుండి కనబడును. సడలిన దారము నీటిలో తేలియాడి గాలిసీసాకును, కాలి తెడ్లకును చుట్టుకొనును. కావున ఈతగాడు మెల్లగా పైకి వచ్చుచు, వచ్చినంత మేర దారమును చుట్టుచుండును. నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించి పైకి రాకుండుట మేలు. 5 మీటర్ల లోతున 3 నిమిషము లాగుట వాడుక.

దారము రీలుపై ఒక ప్రక్కనే పోగుపడకుండ వ్రేలితో సరిచేయుచు సమముగా చుట్టవలెను. ఒడ్డు చేరిన పిదప మంచినీట కడిగి ఆరవేయవలెను. నేడు అశ్రద్ధగా చుట్టిన దారమే రేపు నీటి అడుగున బిగియును. చుట్టవలసినపుడు శ్రద్ధతో చుట్టుటయు, వదలవలసినపుడు సంకోచింపక వదలుటయు ఎఱిగినవాడే క్షేమముగా తీరము చేరును.