అమ్మది బి, నాన్నది ఎ: అబ్బాయిది ఓ ఎలా అయింది?

నేను బి.కామ్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల నేర్చుకోవలసి వచ్చింది.

2008లో షోలాపూరులో మా రెండవ అబ్బాయి కాలేజీ గుర్తింపు కార్డు కోసం రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఓ గ్రూపు అని వచ్చింది. నాది ఎ, మా ఆవిడది బి. "ఎ, బి కలిస్తే ఏబీ రావాలిగాని ఓ ఎక్కడినుంచి వచ్చింది?" అని బంధువుల్లో ఒక పెద్దావిడ నలుగురిలో అనేశారు. ఆసుపత్రిలో పిల్లలు మారిపోయారేమోనని ఇంకొకరు. మా ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ధైర్యం చెప్పవలసిన నేను ఊరకుండిపోయాను. ఆ తప్పు నాదే. చివరికి అబ్బాయి లెక్చరర్ గారు కాగితం మీద నాలుగు గళ్లు గీసి, పది నిమిషాల్లో విషయం తేల్చేశారు.

నాకు అర్థమైన లెక్కల భాషలో చెబుతాను. ఇలాంటి ఒక్కో లక్షణానికి మనలో రెండు పద్దులుంటాయి: ఒకటి తండ్రి వేసినది, ఒకటి తల్లి వేసినది. బఠాణీ మొక్కలపై పరిశోధించి 1866లో వ్యాసం ప్రచురించిన మెండెల్ గమనించినది ఏమిటంటే, రెండు పద్దులూ వేరైనప్పుడు ఒకటి పైకి కనిపిస్తుంది, రెండవది దాగి ఉంటుంది. వీటినే బహిర్గతం, అంతర్గతం అంటారు. కాని అన్ని లక్షణాలూ ఇంత సూటిగా నడవవు. రక్తం గ్రూపుకు ఎ, బి, ఓ అని మూడు రకాల జన్యువులున్నాయి. ఒక మనిషిలో వాటిలో రెండే ఉంటాయి. ఎ గాని, బి గాని ఉంటే ఓ దాగిపోతుంది. ఎ, బి రెండూ ఉంటే ఏదీ దాగదు, రెండూ పైకి కనిపిస్తాయి. ఇది సహబహిర్గతత్వం.

నా కార్డులో ఎ అని ఉన్నా లోపల ఎ-ఓ, మా ఆవిడలో బి-ఓ. ఇద్దరమూ ఓ పద్దునే ఇచ్చాం కనుక వాడు ఓ అయ్యాడు. మా వంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఏబీ, ఎ, బి, ఓ నాలుగింటికీ సమానంగా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఆ నాలుగు గళ్ల కాగితం మా ఆవిడ ఇప్పటికీ బీరువాలో దాచుకుంది.

అసంపూర్ణ బహిర్గతత్వం చూడాలంటే పెరట్లోని చంద్రకాంత చాలు. ఎర్రపూల మొక్కను తెల్లపూల మొక్కతో సంకరపరిస్తే గులాబీ రంగు పూలు వస్తాయి. ఆ గులాబీ మొక్కల సంతానంలో ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1 చొప్పున తేలుతాయి. పరీక్షలో ఈ నిష్పత్తి తప్పక అడుగుతారు.

మహారాష్ట్రలో ఉన్నవాళ్లం గనుక బాంబే గ్రూపు గురించి కూడా చెప్పాలి. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో దీనిని గుర్తించి ప్రకటించారు. ఎ, బి పదార్థాలు ఏర్పడడానికి హెచ్ అనే పునాది పదార్థం కావాలి. అది తయారుకాని మనిషిలో ఎ, బి జన్యువులున్నా పైకి కనిపించవు, మామూలు పరీక్షలో ఓ అనే వస్తుంది. వీరికి మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇలా జరుగుతుంది కనుక మేనరికాలలో దీనికి అవకాశం ఎక్కువ. మనలో మేనరికాలు తక్కువేమీ కాదు. కాబట్టి ఏబీ తల్లికి ఓ బిడ్డ అని కాగితంలో కనిపించినా నోరు జారకండి. ముందు పరీక్ష మళ్లీ చేయించండి, తరువాత డాక్టరును అడగండి.

కొన్ని పద్దులు అసలు తండ్రి ఖాతాకే రావు. కణంలోని మైటోకాండ్రియాకు సొంత జన్యువులున్నాయి. మనుషుల్లో అవి 37. అవి తల్లి నుంచే సంక్రమిస్తాయి. ఎత్తు, చర్మపు రంగు వంటివి అనేక జన్యువుల మీద ఆధారపడతాయి, వాటి లెక్క నా శక్తికి మించినది.

ఈ తల్లి వారసత్వానికీ, మీరు చదివే జీవవైవిధ్యానికీ సంబంధముంది. జీవవైవిధ్యాన్ని మూడు స్థాయిల్లో చూస్తారు. యానాం దగ్గరి కోరింగ మడ అడవి ఒక ఆవరణ వ్యవస్థ. అందులోని చెట్లు, చేపలు, పక్షులు వేర్వేరు జాతులు. ఒకే జాతిలో ఉండే తేడాలు జన్యు వైవిధ్యం. బంగినపల్లి, తోతాపురి రెండూ ఒకే మామిడి జాతి కదా! ఈ మూడవది తగ్గితే ఏమవుతుందో అమెరికా మొక్కజొన్న రైతులు 1970లో చూశారు. సంకర విత్తనం తయారీలో మగ కంకులు విరిచే కూలి ఖర్చు తప్పించడానికి, పుప్పొడి పనిచేయని ఒక రకాన్ని తల్లి మొక్కగా వాడేవారు. ఆ గుణం మైటోకాండ్రియాలో ఉంది. కనుక విత్తనాల పేర్లు ఎన్ని ఉన్నా తల్లి వైపు పద్దు ఒక్కటే. దేశంలోని పంటలో దాదాపు 85 శాతం అలాంటిదే. సరిగ్గా ఆ గుణమున్న మొక్కలనే దెబ్బతీసే శిలీంధ్రం వచ్చి, ఒక్క ఏడాదిలో సుమారు 15 శాతం పంటను తినేసింది. ఆ తరువాత విత్తన కంపెనీలు ఆ రకాన్ని వదిలి, మగ కంకులు విరిచే పాత పద్ధతికే తిరిగి వెళ్లాయి.