రాజధాని హోదా కోల్పోయిన బీదరు

బీదరు కర్ణాటక రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉన్న ఒక నగరము మరియు జిల్లా కేంద్రము. 15వ శతాబ్దములో ఇది దక్కనులో అధిక భాగమును ఏలిన బహమనీ సుల్తానుల రాజధాని. ఆ హోదా పోయిన పిమ్మట నగరపు ఆర్థిక స్థితిలోను, నగరముపై ఆధారపడిన పరిసర ప్రాంతములోను వచ్చిన మార్పులను ఈ వ్యాసము వివరిస్తుంది. పరిసర ప్రాంతమునకు ఉదాహరణగా నేటి తెలంగాణలోని నారాయణఖేడ్‌ను తీసుకొనడమైనది. 1956 వరకు నారాయణఖేడ్ బీదరు జిల్లాలోని ఒక తాలూకా.

రాజధానిగా బీదరు

బహమనీ రాజ్యము 1347లో గుల్బర్గా రాజధానిగా ఏర్పడినది. 1422లో సింహాసనమెక్కిన అహ్మద్ షా రాజధానిని బీదరుకు మార్చాడు. కనుక బీదరు వైభవము మరొక నగరపు నష్టముతోనే మొదలైనదని చెప్పవచ్చును. కొత్త కోట, రాజభవనములు, భూగర్భమున సొరంగముల ద్వారా నీటిని తెచ్చే కరేజ్ కాలువలు వెలిసినవి. మంత్రి మహమూద్ గవాన్ 1472లో పెద్ద మదరసాను కట్టించాడు.

ఆ కాలములోనే రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ ఇక్కడికి వచ్చి, తాను వెంట తెచ్చుకున్న గుర్రమును అమ్ముకున్నాడు. ప్రభువులు మితిలేని భోగములో ఉండగా పల్లెజనము మిక్కిలి దైన్యములో ఉన్నారని ఆయన తన యాత్రా వృత్తాంతములో వ్రాశాడు. బీదరు చరిత్రను చదివేవారు కోట గోడలకంటె ముందు ఈ మాటను గమనించవలెను. రాజధాని సంపద చాలవరకు అక్కడ పుట్టినది కాదు, పల్లెల శిస్తు రూపములో వచ్చి చేరినది. సైన్యపు జీతములు, ప్రభువుల కొనుగోళ్ళు, కట్టడముల కూలి, వీటి ద్వారా ఆ ధనము బజారులో చలామణి అయ్యేది. శిస్తు దారి మళ్ళితే బజారు నిలువదు.

హోదా పోయిన తీరు

ఈ నష్టము ఒక్కనాడు జరిగినది కాదు. 1481లో గవాన్ మరణదండనకు గురైన తరువాత రాష్ట్రాధిపతులు ఒక్కొక్కరే స్వతంత్రులైనారు. రాజ్యము ఐదు ముక్కలై బీదరు బరీద్ షాహీ వంశము చేతిలో మిగిలినది. పేరుకు అప్పటికీ అది రాజధానియే, కానీ దానికి శిస్తు చెల్లించే నేల చాలా తగ్గిపోయినది. అయినను దర్బారు ఉన్నంతకాలము పనివారికి పని దొరికినది. కోటలోని రంగీన్ మహల్‌ను ముత్యపుచిప్పల పొదుగుడుతో అలంకరింపజేసినది 16వ శతాబ్దపు అలీ బరీద్ అన్నది ఇందుకు నిదర్శనము.

1619లో బీజాపూరు సుల్తాను బీదరును కలుపుకొన్నాడు. 1657లో ఔరంగజేబు పట్టుకొని జఫరాబాదు అని పేరు పెట్టాడు. 1724 తరువాత నిజాము ఏలుబడిలోనికి వచ్చినది. ఈ మార్పులన్నింటిలోను రైతు శిస్తు కడుతూనే ఉన్నాడు. ధనము చేరే చోటు మాత్రము బీజాపూరు, ఔరంగాబాదు, హైదరాబాదులుగా మారినది.

మిగిలినవి, మిగలనివి

నిరంతర పోషణ కావలసినవి మొదట దెబ్బతిన్నవి. కరేజ్ కాలువల పూడిక తీయుటకు ఏటా మనుషులు, డబ్బు కావలెను. ఆ బాధ్యత వహించే దివాణము లేకపోవడముతో అవి కాలక్రమమున పూడిపోయినవి. నౌబాదు వద్ద ఉన్న కరేజ్‌లో పూడిక తీసినది 2010 దశకములోనే.

పనితనము మాత్రము మిగిలినది. బిద్రీ పాత్రలను ఎక్కువ పాళ్ళు తుత్తునాగము, కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండిని పొదిగి, కోటలోని పాతమట్టితో నలుపు రంగు తెప్పిస్తారు. ఆ మట్టి, ఆ చేతులు బీదరులోనే ఉండిపోయినవి గనుక కళ బ్రతికినది. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే కొనే శ్రీమంతులు హైదరాబాదులో ఉండుటచేత అమ్మకము, కొంతమేరకు పని కూడా, అటే నడిచినవి. తయారీ ఒకచోట, లాభము మరొకచోట అనే పరిస్థితికి ఇది మంచి ఉదాహరణ.

గుల్బర్గాతో పోల్చి చూస్తే విషయము ఇంకా స్పష్టమగును. అది బీదరుకన్న ముందే రాజధాని హోదా పోగొట్టుకొన్నది. కానీ నిజాము కాలములో సుబా కేంద్రమైనది, బొంబాయి-మద్రాసు రైలుమార్గము 1870 దశకపు ఆరంభమునకే దానిని చేరినది. నేటికీ కలబురగి పేరుతో విభాగ కేంద్రముగా ఉన్నది. బీదరుకు రైలు వచ్చినది 1930 దశకపు తొలినాళ్ళలో. కోల్పోయిన పెద్ద హోదాకు బదులు చిన్న హోదా, ఒక మంచి దారి దొరికిన నగరము కోలుకొంటుందని దీనివలన తెలియుచున్నది.

1956 విభజన

బీదరుకు రెండవ దెబ్బ రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతో తగిలినది. హైదరాబాదు రాష్ట్రము రద్దయి బీదరు జిల్లా మూడు ముక్కలైనది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు, నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాదు తాలూకాలో అధిక భాగము, న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌కు, మిగిలినది మైసూరుకు చేరినవి. భాషను బట్టి ఇది న్యాయమే, కానీ మార్కెట్టుకు భాషతో పనిలేదు. హైదరాబాదుకు సుమారు 140 కిలోమీటర్ల దూరములోని నగరము, దాదాపు 700 కిలోమీటర్ల దూరములోని బెంగళూరు పాలనలోనికి పోయినది. ఈ ప్రాంతపు వెనుకబాటును గుర్తించి 2012లో 98వ రాజ్యాంగ సవరణ ద్వారా 371(జె) అధికరణమును చేర్చారు. విద్య, ఉద్యోగములలో స్థానికులకు రిజర్వేషన్లు, ప్రత్యేక అభివృద్ధి మండలి అందులోని అంశములు.

తెలుగునాట ఇటువంటి ఉదాహరణ కర్నూలు. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు 31 వరకు అది ఆంధ్ర రాష్ట్ర రాజధాని. గుడారములలో కార్యాలయములు నడిచిన ఆ మూడేళ్ళలో బీదరువలె పోగుపడిన సంపద ఏదీ లేదు. పోయినది ఆశ. 1937 శ్రీబాగ్ ఒడంబడికను రాయలసీమవాసులు నేటికీ ప్రస్తావించుటకు కారణము ఇదే. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేయుటకు చేసిన చట్టమును 2021లో ఉపసంహరించుకొన్నారు.

నారాయణఖేడ్ పరిస్థితి

1956లో నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో చేరినది. దాని కేంద్రము సంగారెడ్డి. 2016లో సంగారెడ్డి పేరుతోనే కొత్త జిల్లా ఏర్పడి, నారాయణఖేడ్ రెవిన్యూ డివిజను కేంద్రమైనది. అయినను ఈ పట్టణమునకు సంగారెడ్డికన్న బీదరే దగ్గర. ప్రభుత్వ కాగితముల పని ఒక దిక్కున, సమీపపు పెద్ద బజారు రాష్ట్రపు సరిహద్దు అవతల ఉన్నవి. జొన్న, కంది, పెసర, ప్రత్తి పండించే ఈ ప్రాంతము చాలాకాలము వానమీదనే ఆధారపడినది. మంజీర మీది సింగూరు జలాశయపు నీరు దశాబ్దముల పాటు హైదరాబాదు దాహమును తీర్చినది. ఆ నీటిని నారాయణఖేడ్ పొలములకు ఎత్తిపోయుటకు ఉద్దేశించిన బసవేశ్వర పథకమునకు శంకుస్థాపన జరిగినది 2022 ఫిబ్రవరిలో. పట్టణమునకు రైలుమార్గము లేదు.