స్ప్రే యంత్రంతో గోడలకు రంగు: ఎమల్షన్‌లో నీరు ఎంత కలపాలి?

సంక్రాంతికైనా, ఇంట్లో పెండ్లికైనా గోడలకు రంగులు వేయించడం మన పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఒకప్పుడు సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి వెల్ల వేసేవారు. నేడు ఆ స్థానాన్ని చాలా ఇళ్ళలో ఎమల్షన్ రంగులు ఆక్రమించాయి. కుంచె, రోలర్‌ల సరసన స్ప్రే యంత్రం కూడా వచ్చి చేరింది. రెండు రోజుల పనిని యంత్రం ఒక పూటలో ముగించగలదు. కాని రంగులో నీరు కలిపే కొలత తప్పితే, వేల రూపాయలు పోసి కొన్న రంగు కొద్ది కాలానికే సుద్దపొడిలా చేతికి అంటుకుంటుంది. కనుక ఈ కొలత వెనుకనున్న సూత్రాన్ని ఇంటి యజమాని కూడా తెలుసుకోవడం మేలు.

ఎమల్షన్‌లో ఏమి ఉంటుంది?

విదేశాలలో లేటెక్స్ పెయింట్ అని పిలిచేదే మన దుకాణాలలోని ఎమల్షన్. పేరులో లేటెక్స్ ఉన్నా ఇందులో రబ్బరు చెట్టు పాలు ఉండవు. కంటికి కానరాని అక్రిలిక్ వంటి ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయి. వాటితోపాటు తెల్లదనాన్నిచ్చే టైటానియం డయాక్సైడు, రంగుపొడులు, సుద్ద వంటి పూరక పదార్థాలు, చిక్కదనాన్నిచ్చే మందులు ఉంటాయి. గోడమీద నీరు ఆవిరైన కొద్దీ ప్లాస్టిక్ రేణువులు దగ్గరకు జరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని, రంగుపొడిని తమలో బంధించి పొరగా మారతాయి.

నీరు ఎక్కువైతే కలిగే నష్టం ఇక్కడే ఉన్నది. ఉదాహరణకు, 100 మి.లీ. రంగులో ఎండిన తరువాత మిగిలే పదార్థం 35 మి.లీ. అనుకుందాం. అందులో మరో 100 మి.లీ. నీరు పోస్తే, 200 మి.లీ. ద్రవంలోనూ ఉన్నది ఆ 35 మి.లీ. మాత్రమే. అంతే మందంగా తడిపొర వేసినా, ఎండిన పొర సగమే మిగులుతుంది. పాత మరకలు కనిపిస్తాయి. రంగు గోడమీద కారుతుంది. పొర వానకు, చేతి రాపిడికి నిలువదు.

అలాగని నీరు అసలే కలపకపోయినా చిక్కే. చిక్కని రంగును చిన్న యంత్రం తుంపరలుగా విడగొట్టలేదు. ఉమ్మినట్లు చుక్కలు చుక్కలుగా పడి గోడ గరుకుదేలుతుంది.

యంత్రాన్ని బట్టి నీరు

మొదటిది ఎయిర్‌లెస్ యంత్రం. ఇందులో పంపు రంగును చదరపు అంగుళానికి 1,500 నుండి 3,000 పౌండ్ల ఒత్తిడితో సన్నని రంధ్రం గుండా నెట్టుతుంది. చిక్కని రంగునైనా చిమ్మగల శక్తి దీనికున్నది. కాబట్టి దీనికి నీటి అవసరం తక్కువ.

రెండవది చేతిలో పట్టుకునే విద్యుత్ గన్, లేక గాలి కంప్రెసర్‌కు తగిలించే గన్. వీటి ఒత్తిడి తక్కువ. రంగు కొంత పలచనైతేనే సాఫీగా వస్తుంది. అందుకే వీటికి నీరు ఎక్కువ పడుతుంది.

ఇక పొలంలో మందు కొట్టే వీపు పంపు. దీనితో వడగట్టిన సున్నపు నీటిని చిమ్మడం కొన్నిచోట్ల ఉన్నది. ఎమల్షన్‌కు మాత్రం ఇది తగదు. దాని ముక్కు గుండా పోయేంత పలచన చేస్తే అది రంగునీరే అవుతుంది. పైగా పంపులో మిగిలిన పురుగుమందు ఇంటి గోడలకు చేరే ప్రమాదమున్నది.

డబ్బాపై రాతే ప్రమాణం

విదేశీ పుస్తకాలలో సాధారణంగా పదింట ఒక వంతు, అనగా 10 శాతం నీరు చాలునని ఉంటుంది. మన దేశంలో అమ్మే అనేక ఎమల్షన్ డబ్బాలపై ఇంతకంటె చాలా ఎక్కువ కొలత కనిపిస్తుంది. లీటరుకు 400 మి.లీ. లేక అంతకు మించి కూడా ఉండవచ్చు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఆయా రంగులను తయారు చేసిన చిక్కదనమే వేరు. కనుక ఒక రంగు లెక్కను మరొక రంగుకు వర్తింపజేయరాదు. స్ప్రేకు వేరుగా కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించాలి. డబ్బాపై ఇచ్చిన గరిష్ఠ పరిమితిని ఎన్నడూ దాటరాదు.

సరిహద్దు గ్రామాల వారికి మరొక ఇబ్బంది కలదు. డబ్బాపై సూచనలు తెలుగులో ఉండడం అరుదు. ఇంగ్లీషులో డైల్యూషన్, థిన్నింగ్ అన్న మాటల ప్రక్కన నీటి కొలత ఉంటుంది. బై వాల్యూమ్ అని ఉంటే తూకం కాదు, లీటర్ల కొలత అని గ్రహించాలి. శాతాన్ని కన్నడంలో శేకడా అనీ, తమిళంలో సదవీదం అనీ, మరాఠీలో టక్కే అనీ, ఒడియాలో ప్రతిశత అనీ అంటారు. బడికి పోయే పిల్లలచేత చదివించి, కొలతను తెలుగులో ఒక కాగితంపై వ్రాసి పనివారి ఎదుట ఉంచితే గందరగోళం ఉండదు.

కలిపే పద్ధతి

1. ఒకే రంగు డబ్బాలన్నింటినీ మొదట పెద్ద బకెట్టులో పోసి కలపాలి. లేనిచో గోడకూ గోడకూ ఛాయ మారవచ్చు.

2. అడుగున పేరుకున్న ముద్ద కరిగే వరకు కర్రతో బాగా కలియబెట్టాలి.

3. పలుచటి నైలాన్ గుడ్డతో వడగట్టాలి. ఎండిన మీగడ ముక్క ఒక్కటి చాలు, గన్ ముక్కు మూసుకుపోవడానికి.

4. త్రాగడానికి పనికివచ్చే శుభ్రమైన నీటినే వాడాలి. ఉప్పునీటిలోను, బాగా కఠినమైన బోరునీటిలోను ఉండే లవణాలు ప్లాస్టిక్ రేణువులను గడ్డకట్టించవచ్చు. కిరోసిన్, టర్పెంటైన్ వంటివి ఎమల్షన్‌లో కలపరాదు. అవి నూనె రంగులకు సంబంధించినవి.

5. నీటిని ఒక్కసారిగా పోయరాదు. డబ్బా 10 శాతం అనుమతిస్తే, 4 లీటర్ల రంగుకు గరిష్ఠం 400 మి.లీ. మొదట 200 మి.లీ. పోసి పరీక్షించాలి. చాలకపోతే 100 మి.లీ. చొప్పున పెంచాలి. పోసిన నీటిని తీయలేము గదా!

6. సరిపోయిన కొలతను వ్రాసిపెట్టుకుని, మిగిలిన రంగుకు అదే కొలత పాటించాలి.

కొన్ని గన్‌లతోపాటు అడుగున రంధ్రమున్న చిన్న కప్పు ఇస్తారు. దాన్ని రంగుతో నింపి, ధార తెగేవరకు ఎన్ని సెకండ్లు పట్టిందో చూడాలి. ఎన్ని సెకండ్లు ఉండాలన్నది ఆ గన్ పుస్తకంలోనే చూడాలి. కప్పుకూ కప్పుకూ రంధ్రం వేరు గనుక ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు.

అట్టముక్క మీద పరీక్ష

గోడకు ముందు ఒక అట్టపెట్టె మీద చిమ్మి చూడాలి. తుంపర అంచుల్లో రెండు లావుపాటి గీతలు తోకల్లా వస్తే ఒత్తిడి చాలలేదని, లేక రంగు చిక్కగా ఉన్నదని అర్థం. ఎయిర్‌లెస్ యంత్రమైతే ముందు ఒత్తిడి పెంచాలి. అప్పటికీ పోకపోతేనే నీరు కలపాలి. రంగు జారి కారితే పలచనైనట్లు, లేదా చేయి నెమ్మదిగా కదిలినట్లు. అంచు నుండి అంచు వరకు సమానంగా పరచుకుంటే కొలత కుదిరినట్లే.

ఎయిర్‌లెస్ గన్‌ను గోడకు 25 నుండి 30 సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టి, ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పేటట్లు సాగాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, గాలి వీచేటప్పుడు తుంపర గోడను చేరేలోపే ఎండి పొడిగా అంటుతుంది. అప్పుడు నీరు పెంచడం కంటె ఉదయం, సాయంత్రం పని చేసుకోవడం మంచిది. పాత సున్నపు పొరలు రాలుతూ ఉంటే వాటిని గీకి, ప్రైమర్ వేయనిదే ఎంత మంచి ఎమల్షనైనా నిలువదు.

ప్రాణానికి జాగ్రత్త

ఎయిర్‌లెస్ గన్ ధార చర్మాన్ని చీల్చుకుని రంగును కండలోకి ఎక్కించగలదు. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపించినా, లోపల కండ చనిపోయి వేలినో చేతినో తొలగించవలసి రావచ్చు. నొప్పి లేదని ఉపేక్షింపక, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో రంగు ఎక్కిందని స్పష్టంగా చెప్పాలి. ముక్కు మూసుకుపోతే యంత్రం ఆపి, ఒత్తిడి తీసివేసిన తరువాతనే విప్పాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ముఖానికి మాస్కు, కళ్ళజోడు తప్పనిసరి.

ఇండ్ల రంగులలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. అంతకు ముందరి నూనె రంగులలో సీసం అధికంగా ఉండవచ్చు. తలుపులు, కిటికీల పాత రంగును పొడిగా గీకక, తడిపి గీకాలి.

పని ముగిసిన వెంటనే గన్‌ను నీటితో కడగాలి. ఎండిన ఎమల్షన్ నీటికి కరగదు. కడిగిన నీటిని బావి, చెరువు, కాలువల దరిదాపుల్లో పారబోయరాదు.

గుత్తకు పని ఇచ్చేవారు డబ్బాలు తమ ఎదుటనే తెరిపించి, నీరు కొలపాత్రతో కొలిపించడం ఉత్తమం. అది పనివారిపై అపనమ్మకం కాదు. రేపు గోడ రంగు వెలిసిపోతే తప్పు ఎవరిదన్న తగవు రాకుండా, ఉభయులకూ అదే రక్ష.