వెల లేకున్నా షరతులు తప్పవు
ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కూ కాపీరైటు చట్టమే పునాది

డబ్బు చెల్లించకుండా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోగలిగిన సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఉండడన్న అపోహ విద్యార్థుల నుంచి వ్యాపార సంస్థల వరకు చాలామందిలో ఉంది. వెల లేకపోవడం వేరు, హక్కుదారు లేకపోవడం వేరు. 'ఓపెన్ సోర్స్'గా వ్యవహరించే సాఫ్ట్‌వేర్‌కు సైతం హక్కుదారులు ఉంటారు. తాము విధించిన షరతులను పాటించమని అడిగే అధికారం వారికి ప్రధానంగా కాపీరైటు చట్టం నుంచే లభిస్తోంది. సెల్‌ఫోన్ల నుంచి ప్రభుత్వ కార్యాలయాల వరకు ఈ సాఫ్ట్‌వేర్ విస్తరించిన నేపథ్యంలో ఈ తేడాను గ్రహించడం అవసరం.

డిస్కు వేరు, హక్కు వేరు

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టానికి 1984లో చేసిన సవరణ ద్వారా కంప్యూటర్ ప్రోగ్రాములు సాహిత్య రచనల కోవలో చేరాయి. కథకు, నవలకు ఉన్న రక్షణే ప్రోగ్రాముకూ లభించింది. ఈ హక్కు రచనతోపాటే పుడుతుంది; రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన మరో 60 సంవత్సరాలు అది కొనసాగుతుంది. ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రాముకు, వేరే ఒప్పందం లేనిపక్షంలో, యజమానే తొలి హక్కుదారు అని చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది.

కొనుగోలుదారుకు దక్కేదేమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు రెండు సందర్భాల్లో సమాధానమిచ్చింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన అమ్మకపు పన్ను వివాదంలో, డిస్కులో నమోదు చేసి విక్రయించే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా 'సరుకే'నని, దానిపై పన్ను వేయవచ్చునని 2004లో తీర్పు చెప్పింది. విదేశీ సంస్థల నుంచి సాఫ్ట్‌వేర్ తెప్పించుకున్నవారు చెల్లించే మొత్తం రాయల్టీ కిందకు రాదని 2021 మార్చిలో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో స్పష్టం చేసింది. కొన్నవారికి లభించేది ప్రతిని వాడుకునే అవకాశమే తప్ప కాపీరైటులో భాగం కాదన్నది ఆ తీర్పులోని సారాంశం. ప్రతి మనదైనా హక్కు మనది కాదన్న మాట.

అనుమతులు, షరతులు

మిఠాయి కొన్నవారికి దాని తయారీ విధానం తెలియనట్లే, మామూలు సాఫ్ట్‌వేర్ కొన్నవారికి దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం, కనిపించదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తోపాటు ఆ పాఠమూ అందుతుంది. దానిని వాడుకోవడానికి, పరిశీలించడానికి, మార్చడానికి, ఇతరులకు పంచడానికి హక్కుదారు లైసెన్సు ద్వారా ముందే అనుమతి ఇస్తాడు. రుసుము తీసుకుని విక్రయించడాన్నీ ఈ లైసెన్సులు నిషేధించవు.

అయితే షరతులన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఎంఐటీ, బీఎస్‌డీ తరహా లైసెన్సులు రచయిత కాపీరైటు ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని తొలగించకుండా ఉంచితే చాలునంటాయి. ఆ కోడ్‌ను సొంత ఉత్పత్తిలో చేర్చి, తమ భాగాన్ని రహస్యంగా ఉంచుకోవచ్చు. అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో రూపొందించిన జీపీఎల్ లైసెన్సు మార్గం వేరు. ఆ కోడ్‌ను మార్చి ఇతరులకు పంపిణీ చేసేవారు తమ మార్పులతో సహా సోర్స్ కోడ్‌ను అందించాలి; తాము పొందిన స్వేచ్ఛనే వారికీ ఇవ్వాలి. సంస్థ లోపలి వాడకానికే పరిమితమైతే ఈ బాధ్యత ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్లకు మూలాధారమైన లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండవ రూపం కిందనే వెలువడుతోంది.

తెలుగు వారికి సన్నిహితమైన ఉదాహరణా ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద విడుదలయ్యాయి. అందువల్లనే లినక్స్ పంపిణీదారులు ప్రత్యేక అనుమతి కోరకుండా వాటిని తమ ప్యాకేజీల్లో చేర్చగలిగారు.

ఉల్లంఘిస్తే...

ఉచితంగా ఇచ్చినవాడికి నష్టమేమిటన్న వాదన అమెరికా కోర్టులో వీగిపోయింది. బొమ్మ రైళ్లను నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును రచయితల పేర్లు, కాపీరైటు ప్రకటనలు లేకుండా ఒక సంస్థ వాడుకున్న జేకబ్సన్ కేసులో, ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2008లో కీలకమైన తీర్పు ఇచ్చింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతులకు విలువ పోదని, వాటిని మీరడం కాపీరైటు ఉల్లంఘన కాగలదని పేర్కొంది. అదే సంవత్సరం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కో సంస్థపై దావా వేసింది. లింక్‌సిస్ పేరుతో అమ్మిన పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌కు సోర్స్ కోడ్ సక్రమంగా అందించలేదన్నది ఆరోపణ. 2009లో ఉభయులూ రాజీపడ్డారు.

మన చట్టమూ కఠినమైనదే. అక్రమ ప్రతి అని తెలిసి ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 63బి సెక్షన్ చెబుతోంది. లాభాపేక్ష లేని సందర్భాల్లో కోర్టు జైలుశిక్షను మినహాయించవచ్చు.

జాగ్రత్త ఎవరికి?

విదేశీ ఖాతాదారులకు ప్రోగ్రాములు రాసిచ్చే హైదరాబాద్, బెంగళూరు సంస్థలకు ఈ విషయం ప్రాణప్రదం. గడువు ఒత్తిడిలో ఒక ఉద్యోగి ఎక్కడినుంచో తెచ్చి అతికించిన జీపీఎల్ కోడ్ వల్ల ఖాతాదారు ఉత్పత్తి మొత్తం వివాదంలో చిక్కుకోవచ్చు. ఏ భాగం ఏ లైసెన్సు కింద వచ్చిందో జాబితా రాసుకోవడం కొద్దిపాటి శ్రమే. వివాదం తలెత్తాక దానిని వెదకడం తలకు మించిన పని.

విద్యార్థులదీ ఇదే పరిస్థితి. లైసెన్సు జతచేయకుండా తమ ప్రాజెక్టును బహిరంగంగా ఉంచితే అది ఓపెన్ సోర్స్ కాబోదు. అందరికీ కనిపిస్తుంది కానీ, దానిని వాడుకునే అనుమతి మాత్రం ఎవరికీ ఉండదు. పంచాలన్న సదుద్దేశం ఉంటే దానిని రాతపూర్వకంగా తెలపాలి.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానంలో ఈ-గవర్నెన్స్ వ్యవస్థలకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని పేర్కొంది. దానిని ఎంచుకోని సరఫరాదారులు కారణం చూపాలని కూడా నిర్దేశించింది. ప్రజాధనం ఆదా కావడం ఇందులో ఒక పార్శ్వం మాత్రమే. సోర్స్ కోడ్ చేతిలో ఉంటే ఒకే కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడవలసిన అగత్యం తప్పుతుంది. ఆ మేలు దక్కాలంటే టెండరు పత్రాల్లో ధరతోపాటు లైసెన్సునూ చదివే అధికారులు ఉండాలి. ఎవరి శ్రమనో అందుకుంటున్నప్పుడు వారు కోరిన షరతును పాటించడం చట్టం విధించిన బాధ్యతే కాదు, కనీస మర్యాద కూడా.