ఊహకు నాలుగు మెట్లు

కవికి పద్యమూ, నటునికి పాత్రా, ఇల్లాలికి కొత్త ముగ్గూ ఎక్కడనుండి వస్తాయి? ఈ ప్రశ్నకు మన పెద్దలు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. "సరస్వతీ కటాక్షం" అని కొందరు, "పుట్టుకతో రావలె నాయనా" అని మరికొందరు. ఈ మాటలు కొట్టివేయదగినవి కావు. కాని వీటినే నమ్ముకొని ఊరుకుంటే నష్టమున్నది. మన ఇంటి పిల్లవానికి కటాక్షం లేదని తేల్చివేసి, వానిని మార్కులకూ ట్యూషనుకూ అప్పగించి, ఇక మన బాధ్యత తీరినదనుకుంటాము. అందుచేత ఈ విషయం మనశ్శాస్త్రజ్ఞులు ఏమన్నారో, మన బళ్ళారి చరిత్ర ఏమి చెబుతున్నదో కొంచెం విచారిద్దాము.

నిజానికి మన అలంకారశాస్త్రం కూడా అంతా కటాక్షానికే వదలిపెట్టలేదు. కావ్యప్రకాశం వ్రాసిన మమ్మటుడు కావ్యం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం అని మూడింటిని చెప్పి, ఈ మూడూ వేరు వేరు కారణాలు కావు, కలిసి ఒకే కారణం అన్నాడు. లోకాన్నీ శాస్త్రాలనూ చూసి సంపాదించేది నిపుణత. తెలిసినవారి వద్ద పదేపదే చేసి నేర్చేది అభ్యాసం. అంటే పుట్టుకతో వచ్చే దానికి తోడు మనం చేయగలిగిన పనులు రెండున్నాయన్నమాట.

పాశ్చాత్యులలో ఈ విచారణకు ఒక రూపం ఇచ్చినవాడు గ్రాహం వాలస్ అనే ఆంగ్ల పండితుడు. 1926లో ప్రచురించిన 'ది ఆర్ట్ ఆఫ్ థాట్' అనే గ్రంథంలో ఆయన కొత్త ఆలోచనకు నాలుగు మెట్లు చెప్పినాడు. మొదటిది సన్నాహం. రెండవది పొదుగుట. మూడవది స్ఫురణ. నాలుగవది పరీక్ష.

మన ఆడపడుచులకు ఇది వంటింటి భాషలో చెబితే వెంటనే తెలుస్తుంది. పాలు కాచడం సన్నాహం. గోరువెచ్చన కాగానే తోడు వేసి, మూత పెట్టి, కదపకుండా ఉంచడం రెండవ మెట్టు. తెల్లవారి మూత తీసేసరికి పెరుగు తోడుకొని ఉండడం స్ఫురణ. దానిని చిలికి వెన్న తీయడం పరీక్ష. పాలే కాచనివారికి పెరుగు లేదు. తోడు వేసినాక గంటగంటకూ గరిటె పెట్టి కలిపేవారికీ లేదు.

వాలస్ ఈ మెట్లను గాలిలో కట్టలేదు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1891లో తన డెబ్బదియవ జన్మదిన సభలో, మంచి ఆలోచనలు తనకు బల్ల ముందు కూర్చున్నప్పుడు కాక, బాగా శ్రమించి విశ్రాంతి తీసుకున్న తరువాత, ఎండ కాసే వేళ చెట్లున్న కొండలు మెల్లగా ఎక్కుతున్నప్పుడు వచ్చేవని చెప్పినాడు. ఫ్రెంచి గణితవేత్త పోయంకారే 1908లో చెప్పిన అనుభవం మరీ ముచ్చటయినది. పదిహేను రోజులు ఒక గణిత సమస్యతో కుస్తీ పట్టినాడు. తరువాత లెక్కలు మరచి ఒక యాత్రకు బయలుదేరినాడు. కూతాన్స్ అనే ఊళ్ళో గుర్రపుబండి మెట్టుమీద కాలు పెట్టిన క్షణంలో, ఆ లెక్కకు సంబంధించిన గొప్ప సంగతి ఒకటి తళుక్కున స్ఫురించింది. ఊరికి తిరిగి వచ్చినాక తీరికగా కూర్చొని దానిని సరిచూసుకున్నాడు. బండి మెట్టు అందరూ ఎక్కుతారు. పదిహేను రోజుల కుస్తీ పట్టినవానికే అది ఊహకు మెట్టయింది.

ఈ నాలుగు మెట్లకు ఆక్షేపణలు లేకపోలేదు. 1950లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ గిల్‌ఫర్డ్ అనే ఆయన, ఇది పైపై వర్ణనే గాని లోపల మనస్సు చేసే పనిని చెప్పదన్నాడు. ఒకే ప్రశ్నకు పలువిధాల జవాబులు వెదకే శక్తిని కొలవాలన్నది ఆయన మార్గం. ఇటుకతో గోడ కట్టడమే కాక ఇంకా ఏమేమి చేయవచ్చునని అడగడం ఆ కోవలోని పరీక్షే. మెట్లు ఒకదాని తరువాత ఒకటి వరుసగా రావనీ, చిలుకుతూ ఉండగానే మళ్ళీ పాలు కాచవలసి వస్తుందనీ కూడా పరిశోధకులు గమనించినారు. అయినా రెండవ మెట్టు మాత్రం వట్టి కల్పన కాదని తేలింది. 2009లో సియో, ఓర్మరాడ్ అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకు జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూచినారు. సమస్యను కొంతసేపు పక్కన పెట్టడం మేలు చేస్తుందనీ, ముందు ఎక్కువసేపు దానితో పెనగులాడినవారికి ఆ మేలు హెచ్చుగా ఉంటుందనీ వారి నిర్ణయం. మాటలకు సంబంధించిన చిక్కులలో, ఆ విరామాన్ని బరువైన పనితో నింపడంకంటే తేలికపాటి పనితో గడపడమే మంచిదని కూడా తేలింది.

ఇక మన ఊరి సంగతికి వద్దాము. తెలుగు నాటకానికి బళ్ళారి ఒక పుట్టినిల్లు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) ఇక్కడ వకీలు. సంస్కృతాంధ్రాలే కాక కన్నడమూ ఇంగ్లీషూ ఎరిగినవారు. సరసవినోదినీ సభను నడిపి, అందులో తమ నాటకాలు ఆడించినారు. వారి 'విషాదసారంగధర' చూడండి. సారంగధరుని కథ తెలుగువారు తరతరాలుగా ఎరిగినదే. సవతితల్లి నింద మోపుతుంది, తండ్రి కాలుసేతులు నరికిస్తాడు, చివరకు సిద్ధుని దయవలన అవి తిరిగి వస్తాయి. నాటకం దుఃఖంతో ముగియరాదని మన సంప్రదాయం. ఆచార్యులవారు ఇంగ్లీషు విషాదనాటకాల పద్ధతిని ఈ తెలుగు కథకు కలిపి, దుఃఖంతోనే తెర దించినారు. తెలుగులో విషాదాంత నాటకానికి అది నాంది అయింది. కథ పాతదే, పద్ధతి పరాయిదే. రెండింటినీ కలిపిన చేయి బళ్ళారిది.

ఆర్థర్ కోస్లర్ 1964లో వ్రాసిన ఒక గ్రంథంలో సరిగా ఈ మాటే అన్నాడు. ఎక్కడెక్కడో ఉండే రెండు ఆలోచనా ప్రపంచాలు ఒకే మనస్సులో కలుసుకొన్నప్పుడు కొత్తది పుడుతుందని ఆయన సిద్ధాంతం. పొలిమేర ఊళ్ళలో ఉండేవారికి ఈ కలయిక దినదినమూ జరిగేదే. అంగడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు. దీనిని మనం ఇబ్బంది అనుకుంటాము గాని, ఇది సన్నాహానికి దొరికిన పెద్ద ధాన్యపుకొట్టు.

రెండవవారు కోలాచలం శ్రీనివాసరావుగారు. 1854లో హంపీకి పక్కనే ఉన్న కమలాపురంలో పుట్టినారు. వారూ వకీలే. సుమనోరమ సభ వారిది. ప్రపంచ నాటకరంగ చరిత్రను ఇంగ్లీషులో గ్రంథంగా వ్రాసిన విద్వాంసులు. 1565 నాటి విజయనగర పతనాన్ని రామరాజు కథగా నాటకం చేసినారు. హంపీ శిథిలాలు చూసినవారు లక్షలమంది. ఆ రాళ్ళను మనస్సులో ఏండ్ల తరబడి పొదిగి, చదువుతో కాచి, రంగస్థలం మీద నిలబెట్టినవారు కోలాచలంవారు.

ఆ నాటకంలో పఠాను రుస్తుం వేషంతో ప్రేక్షకులను కట్టిపడవేసినది బళ్ళారి రాఘవ (1880–1946). ఆయన ధర్మవరంవారికి మేనల్లుడు, వృత్తిచేత న్యాయవాది. పద్యాన్ని రాగంతో సాగదీయడమే నటన అనుకొనే రోజులలో, భావమూ మాటా ముఖ్యమని పట్టుబట్టినారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని వాదించి, ధరింపజేసినారు. పగలు కోర్టులో సాక్షులు నిజం చెప్పేటప్పుడు ఎలా నిలబడతారో, అబద్ధమాడేటప్పుడు ఎలా తడబడతారో చూసిన కన్ను, రాత్రి రంగస్థలం మీద పనిచేసిందని మా ఊహ. సన్నాహమంటే పుస్తకాలు మాత్రమే కాదు.

ఇక్కడ మరొక సంగతి మరువరాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండు విధాలుగా చెప్పినాడు. వ్రాసేవానిది కారయిత్రి, ఆస్వాదించేవానిది భావయిత్రి. మన కాలంలో చిక్‌సెంట్‌మిహాయి అనే మనశ్శాస్త్రజ్ఞుడు కూడా, వ్యక్తి ఒక్కడే సృజనకు చాలడనీ, అతడు నేర్చుకొనే విద్యా, అతని పనిని విచారించి స్వీకరించే రసజ్ఞులూ కలిస్తేనే అది నిలుస్తుందనీ అన్నాడు. సరసవినోదినీ, సుమనోరమ సభలు చేసినది ఇదే. ఒకే ఊళ్ళో రెండు సభలు ఎదురెదురుగా ఉంటే, ఒకరి నాటకానికి మరొకరు గీటురాయి. నాలుగవ మెట్టు ఒంటరిగా ఎక్కేది కాదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలోకి పోయినవి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారినా ఇళ్ళలో మాట మారలేదు. కాని నేడు తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఇది ఎవరినీ నిందించే మాట కాదు. వారు కన్నడం చదువుతున్నారు, చదవవలసినదే. ఇంగ్లీషు చదువుతున్నారు, అదీ కావలసినదే. అయితే రెండు ప్రపంచాలు కలవాలంటే రెండూ మనస్సులో ఉండాలి గదా! ఒకటి అక్షరం లేక ఎండిపోతే, పొలిమేరలో ఉన్న లాభం పోయి, శ్రమ మాత్రమే మిగులుతుంది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి నాలుగు మాటలు. ఇంట్లో రోజుకు పావుగంటైనా తెలుగు చదివించండి, కథలు చెప్పండి. పాలు కాచడం అదే. బడి, ట్యూషను, సంగీతం, మళ్ళీ హోంవర్కు అని దినమంతా నింపకండి. మిగిలిన అరగంటను సెల్‌ఫోనుతో పూడ్చకండి. మిద్దెమీద ఊరికే కూర్చున్న పిల్లవాడు సోమరి కాకపోవచ్చు, పెరుగు తోడుకుంటూ ఉండవచ్చు. వానికి ఏదైనా తోచి పరుగెత్తుకొని వచ్చినప్పుడు, "తరువాత చూద్దాంలే" అనక, అక్కడికక్కడే కాగితం మీద పెట్టించండి. స్ఫురణ చుట్టం వంటిది, ఆదరించని ఇంటికి మళ్ళీ రాదు.

ఇక నాలుగవది సంఘం పని. ఉగాదికి పిల్లలచేత పాత నాటికలు ఆడించడం మంచిదే. ఏటా ఒక్కటైనా వారే వ్రాసినది ఆడిద్దాము. తెలుగూ కన్నడమూ కలిసి వచ్చినా పరవాలేదు. చప్పట్లతో సరిపెట్టక, ఆడిన మరునాడు పెద్దలు కూర్చొని, ఏది రక్తి కట్టిందో ఏది కట్టలేదో ప్రేమతో చెబుదాము. రాఘవ పేరుతో మన ఊళ్ళో కళామందిరం ఉన్నది. గోడలూ తెరా సిద్ధంగా ఉన్నవి. దానికి కావలసిన పాలు మన ఇళ్ళలోనే కాగాలి.